చదువుతున్నది తెలుస్తోందా?

మా విచారణలో, అంటే మా కతోలిక గుడి పరిధిలో, బుధవారం సాయంత్రం ఏడున్నరకి పెద్దలకు సత్యోపదేశం (విశ్వాసం గురించిన పాఠం) ఉంటుంది. వేరే చోటు లేక, ఆదివారం పిల్లలు కూర్చునే గదినే మాకూ ఇచ్చారు. బెంచీలు కూడా పిల్లలవే. అరవై ఏళ్ళ మనిషి వాటి మీద కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి వస్తాయి. మొదటి రోజు ఒక పెద్దాయన కూర్చోలేక, లేచి వెళ్ళిపోతే బాగుండదని గోడకి ఆనుకుని గంటసేపు నిలబడ్డాడు. రెండో వారం రాలేదు. బెంచీల వల్లే అనుకున్నాను. నా వల్ల కూడా అని తెలియడానికి ఏడాది పట్టింది.

పాస్క (ఈస్టర్) కాలం మూడో వారం గురువారం పూజలో ఒక పఠనం వస్తుంది. బైబిల్లో లూకా రాసిన అపోస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం, 26 నుంచి 40 వరకు. పని రోజు కాబట్టి ఆ పొద్దున గుడిలో పదిమంది ఉంటే గొప్ప. ఆ పఠనం వినాల్సినవాళ్ళంతా అప్పటికి బస్సుల్లో ఉంటారు.

యెరూషలేము నుంచి గాజాకి దిగే ఎడారి దారి. రథంలో ఒకాయన కూర్చుని పైకి చదువుకుంటూ పోతున్నాడు. ఐతియోపీయుల రాణి కందాకే దగ్గర ఖజానా అంతా ఆయన చేతిలోనే ఉంది. కందాకే అన్నది మనిషి పేరు కాదు, ఆ రాణులకు ఉండే బిరుదు. ఆ ఐతియోపియా కూడా ఇప్పటి దేశం కాదు, మెరోయె రాజధానిగా నైలు ఒడ్డున వెలిగిన కూషు రాజ్యం, ఇప్పటి సూడాన్ వైపు. అంటే దేవుణ్ణి ఆరాధించడానికి వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి వచ్చి, తిరిగి వెళ్తున్నాడు. పైగా నపుంసకుడు. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయం ప్రకారం అలాంటివాడికి ప్రభువు సమాజంలో చోటు లేదు. అంత దూరం వచ్చి ఏ గడప దగ్గర ఆగిపోయాడో లూకా చెప్పలేదు. చేతిలో మాత్రం యెషయా గ్రంథం ఉంది.

అప్పుడు ఫిలిప్పు పరుగెత్తుకుంటూ వచ్చాడు. పన్నెండుమందిలో ఒకడైన ఫిలిప్పు కాదు. విధవరాళ్ళకు అన్నం సరిగ్గా అందడం లేదని గొడవైనప్పుడు ఆ పనికి ఎంచుకున్న ఏడుగురిలో ఒకడు. రథం పక్కన నడుస్తూ, ఆ చదువు విని, “నీవు చదువుతున్నది నీకు తెలుస్తోందా?” అని అడిగాడు.

ఆ ప్రశ్న ఎవరైనా అడగగలరు. నన్ను ఆపేసేది జవాబు. “ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది?” అన్నాడు ఆ అధికారి. ఒక రాజ్యం లెక్కలన్నీ చూసే మనిషి, దారిన పోయే ఒక దుమ్ముకాళ్ళవాడితో, తన నౌకర్లు వింటుండగా, నాకు తెలియదు అన్నాడు. అని ఊరుకోలేదు. ఎక్కి పక్కన కూర్చోమన్నాడు.

మన విచారణల్లో పెద్దవాళ్ళు ఆ ఒక్క మాట అనరు. అనలేరు. ఎందుకంటే మనకి అన్నీ నోటికి వచ్చు. ఫాదర్ గారు నెలకోసారి వచ్చే ఊళ్ళలో ఉపదేశి గంట కొట్టి, పిల్లల్ని కూర్చోబెట్టి, ప్రశ్నా జవాబూ వల్లె వేయించిన తరం మాది. నిలబడి వెళ్ళిపోయిన ఆ పెద్దాయన కూడా ఆ బడి మనిషే. “దేవుడు మనలను ఏల సృజించెను?” అంటే చాలు, ఊపిరి తీసుకోకుండా చివరిదాకా ఒప్పజెప్పేస్తాడు. అలాంటాయనకి “నాకు తెలియదు” అనే అవకాశం ఎక్కడిది? చిన్నప్పుడే ఫుల్ మార్కులు వచ్చేశాయి కదా.

వల్లె వేయించడాన్ని తప్పు పట్టడం లేదు. తొలి శ్రీసభ (క్రైస్తవ సంఘం) కూడా వల్లె వేయించింది. విశ్వాస సంగ్రహాన్ని కాగితం మీద రాసుకోనిచ్చేవారు కాదు. చెవితో విని, గుండెలో పెట్టుకుని, పీఠాధిపతి (బిషప్పు) ముందు అప్పజెప్పాలి. అయితే నాలుగో శతాబ్దం చివర్లో యెరూషలేము యాత్రకు వెళ్ళిన ఎగేరియా అనే ఆవిడ తను చూసింది రాసిపెట్టింది. జ్ఞానస్నానానికి సిద్ధపడే పెద్దలకు, ఈస్టరుకి ముందు వచ్చే తపస్సు కాలంలో, పీఠాధిపతి రోజుకి మూడు గంటల చొప్పున, ఒక్కో మాటా విప్పి చెప్పేవాడట. ఆ తర్వాతే అప్పజెప్పడం. మనం అప్పజెప్పడం ఉంచుకుని, విప్పడం వదిలేశాం. పసిపిల్లలకు జ్ఞానస్నానం మామూలైపోయాక పెద్దల చదువు మెల్లగా చెదిరిపోయింది. దాన్ని మళ్ళీ నిలబెట్టమని రెండో వాటికన్ మహాసభ (ప్రపంచ పీఠాధిపతుల సమావేశం) 1963లో అడిగింది, 1972లో పెద్దల జ్ఞానస్నానానికి కొత్త క్రమం వచ్చింది. సత్యోపదేశాల్లో పెద్దలకు చేసేదే ముఖ్యమైన రూపమని రోము 1971లోనే రాసింది. మేమింకా పిల్లల బెంచీల మీదే ఉన్నాం.

నా మొదటి ఏడాది సంగతి చెప్పాలి. ల్యాప్‌టాప్, ప్రొజెక్టర్, నలభై స్లైడ్లు. మహాసభ పత్రాలు వరసగా. నేను మాట్లాడుతుంటే చాలా బాగుందనిపించేది, నాకు. మొదట ఇరవై రెండు మంది ఉండేవాళ్ళు, క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలానికి ఆరుగురు మిగిలారు. అందులో ఇద్దరు గదికి తాళం వేసేవాళ్ళు.

సుమారు 400లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజులో డెయోగ్రాతియాస్ అనే డీకనుకి (గురువు కంటే ఒక మెట్టు కింది సేవకుడికి) ఇదే కష్టం వచ్చింది. కొత్తవాళ్ళకి చెప్తుంటే తనకే విసుగొస్తోందని అక్కడే పీఠాధిపతిగా ఉన్న పునీత అగస్టీనుకి రాశాడు. అగస్టీను జవాబుగా ఒక చిన్న పుస్తకమే రాసి పంపాడు. అందులో వేదాంతం కంటే నన్ను పట్టుకున్నది కుర్చీ. వినేవాడు నిలబడి అలిసిపోతే కూర్చోబెట్టు, అసలు మొదటే కూర్చోబెడితే ఇంకా మంచిది, సముద్రం అవతలి కొన్ని గుళ్ళలో ఆ పద్ధతే ఉంది అంటాడు. ఆఫ్రికాలో అప్పుడు జనం నిలబడి వినేవారు. సిగ్గుపడేవాడికి ధైర్యం చెప్పు, అర్థమైందో లేదో మెల్లగా అడుగు అని కూడా అంటాడు. ముప్పై దాటాక, 387లో, కొడుకుతో పాటు జ్ఞానస్నానం తీసుకున్న మనిషి. పెద్దవయసులో నేర్చుకోవడం ఎంత ఇబ్బందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో ఏడాది నేను చేసిందల్లా ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించి గుండ్రంగా వేయడం. స్లైడ్లు ఇంట్లో వదిలేశాను. “చిన్నప్పటి నుంచి చెప్పుకుంటున్న జపాల్లో మీకు అర్థం కాని మాట ఒక్కటి చెప్పండి” అన్నాను. ఎవరూ నోరు విప్పలేదు. ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు. టీ వచ్చింది. గ్లాసులు ఖాళీ అయ్యాక, మార్కెట్లో కూరగాయల కొట్టున్న ఆయన అన్నాడు: “మంగళవార్త జపంలో ‘ఏలినవారు మీతో ఉన్నారు’ అంటాం కదా మాస్టారూ. ఆ ఏలినవారెవరు? మరియమ్మ గార్ని ఏలుకున్న జోజప్ప గారని ఇన్నాళ్ళూ అనుకుంటున్నా.”

అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక ఇంకొకావిడ, “నేనూ అంతే అనుకున్నా” అంది. అక్కడి నుంచి గది మారిపోయింది. ఏలినవారంటే ఏలే ప్రభువు, లోకాన్ని ఏలేవాడు, ఆయనే నీతో ఉన్నాడని దేవదూత చెప్తున్నాడు అన్నాను. కూరగాయలాయన కాసేపు ఆ మాటని నోట్లోనే తిప్పుకున్నాడు.

మన పాత గురువులూ ఉపదేశులూ ఈ మాటల్ని ఎంత ఆలోచించి కట్టారో అప్పటిదాకా నాకూ పట్టలేదు. గుణదలకి ఫిబ్రవరిలో ఏటా వెళ్ళేవాళ్ళు మాలో సగంమంది. తలనీలాలు ఇచ్చేవాళ్ళున్నారు, కొబ్బరికాయ కొట్టేవాళ్ళున్నారు. ఆ కొండ మీద 1924 నుంచి కొలువున్న లూర్దుమాత (మరియమ్మ గారే) 1858లో ఫ్రాన్సులో బెర్నదెత్తు అనే అమ్మాయికి కనిపించి తన పేరు ఏమని చెప్పింది అంటే, “అమలోద్భవి” అని అందరూ చెప్పారు. అంటే ఏమిటి అంటే, “పురుషుడు లేకుండా యేసుని కనింది కదా” అన్నారు. గదిలో ఒక్కరు కూడా వేరే మాట చెప్పలేదు. బోర్డు మీద విడదీసి రాశాను: అ, మల, ఉద్భవి. మలం లేకుండా, మచ్చ లేకుండా పుట్టినది. మాట మరియమ్మ కన్న బిడ్డ గురించి కాదు, మరియమ్మే తన తల్లి కడుపున పడ్డ క్షణం గురించి. 1854లో పోపు గారు ప్రకటించింది దీన్నే. లావు పుస్తకం అక్కర్లేదు, సంధి విడదీస్తే జవాబు మాటలోనే ఉంది. తెలుగు పరీక్షలో పదిసార్లు సంధులు విడదీసినవాళ్ళం, గుడిలో ఎందుకు విడదీయలేదో.

ఐతియోపీయుడి వేలు ఏ వాక్యం మీద ఉందో చూడండి. యెషయా 53. వధకు తెచ్చిన గొర్రె నోరు తెరవలేదు, అతని సంతతి గురించి ఎవరు చెప్పగలరు అన్న చోటు. సంతతి అనే మాట దగ్గర సంతతి లేని మనిషి ఆగాడు. “ప్రవక్త ఎవరి గురించి అంటున్నాడు? తన గురించా, వేరొకరి గురించా?” అని అడిగాడు. పెద్దవాళ్ళ ప్రశ్న అంటే ఇదే. పుస్తకం గురించి అడిగినట్టే ఉంటుంది, లోపల తమ కథ ఉంటుంది. ఫిలిప్పు కూడా సృష్టి నుంచి మొదలుపెట్టలేదు. ఆ లేఖనంతోనే మొదలుపెట్టాడని లూకా రాశాడు. ఆ గ్రంథపు చుట్టని ఇంకో మూడు అధ్యాయాలు విప్పుకుంటూ పోతే 56 వస్తుంది, నేను ఎండిన చెట్టునని నపుంసకుడు అనకూడదు, కొడుకులూ కూతుళ్ళ కంటే మంచి పేరు అతనికిస్తాను అని ప్రభువు అంటాడు. ఆ రథంలో అక్కడిదాకా చదివారో లేదో గానీ, చదివి ఉండాలని నాకు ఆశ.

ఒక బుధవారం అందరూ వెళ్ళాక కుర్చీలు ఒకదానిలో ఒకటి పెడుతున్నాను. ఒకావిడ ఆగి సాయం పట్టింది. యాభై ఐదు దాటి ఉంటాయి. ఏడాదంతా వచ్చింది, ఒక్క మాట మాట్లాడలేదు.

“ఒకటి అడగనా మాస్టారూ. నవ్వకూడదు.”

“అడగమ్మా.”

“మా ఆయన పొలంలోనే పోయాడు. ఫాదర్ గారు వచ్చేసరికి ఒళ్ళు చల్లబడింది. పోయేముందు పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనం లేదు, నూనె రాసే అభ్యంగనం లేదు. పదకొండేళ్ళయింది. ఏటా పూజ చేయిస్తున్నా. ఉత్తరించు స్థలంలోంచి ఇంకెప్పుడు వదులుతారు?”

వదులుతారు అంది. జైలు మాట. పదకొండేళ్ళుగా ఆమె మనసులో ఆయన ఊచల వెనక ఉన్నాడు.

ఉత్తరించు స్థలం గురించి సత్యోపదేశ గ్రంథంలో ఉన్న 1030వ పేరా నాకు వచ్చు. అది అప్పుడు నోటికి రాలేదు, మంచిదైంది. “ఉత్తరించడం అంటే ఏమిటమ్మా?” అని అడిగాను.

“శిక్ష కదా?”

“దాటడం. ఉత్తరించు స్థలం అంటే దాటే చోటు. అక్కడున్నవాళ్ళెవరూ వెనక్కి రారు, కిందికి పోరు. అందరూ దేవుడి దగ్గరికి చేరేవాళ్ళే, చేరేలోపు శుభ్రపడుతున్నారు.”

“ఆయన అక్కడే ఉన్నాడంటారా?”

ఉన్నాడని నేనెలా చెప్పను. ఆ చివరి క్షణంలో ఆయన మనసు ఎటు తిరిగిందో దేవుడికి తెలుసు, ఫలానావాడు నరకంలో ఉన్నాడని శ్రీసభ ఇంతవరకూ ఎవరి గురించీ ప్రకటించలేదు, అందుకే మనం ఆశతో పూజ చేయిస్తాం అన్నాను. ఆవిడ కుర్చీ పట్టుకునే ఉంది.

“మా పుట్టింటి ఊళ్ళో కాలవ మీద బల్లకట్టు ఉండేది” అంది కాసేపటికి. “అవతలివాళ్ళు ఎక్కితే, ఇవతల ఒడ్డున ఉన్నవాళ్ళం తాడు పట్టి లాగేవాళ్ళం. పూజ అంటే అదన్నమాట.”

నేనేం కలపలేదు. కుర్చీ దొంతిలో పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఆ దారిలో నీళ్ళు కనబడగానే ఐతియోపీయుడు జ్ఞానస్నానం అడిగాడు, ఇద్దరూ దిగారు. (మధ్యలో 37వ వచనంగా ఒక విశ్వాస ప్రకటన కొన్ని ప్రతుల్లో ఉంటుంది, బాగా పాత ప్రతుల్లో లేదు. ఒక్క ప్రశ్నైనా వేయకుండా జ్ఞానస్నానం ఇచ్చేశాడేమిటని తర్వాతివాళ్ళకి టెన్షన్ పుట్టినట్టుంది. నాకూ పుట్టేది.) నీళ్ళలోంచి పైకి రాగానే ఆత్మ ఫిలిప్పుని తీసుకుపోయింది. ఆ అధికారికి అతను మళ్ళీ కనబడలేదు. ఆ అధికారి మాత్రం సంతోషంతో తన దారిన పోయాడు, ముందున్న ఆ వెయ్యి కిలోమీటర్లూ చెప్పేవాడు లేకుండానే.

నవంబర్ 2, సమాధుల పండుగ. సమాధులకి కొత్త సున్నం, బంతిపూలు. ఆవిడ మనవరాలితో వచ్చింది. నేను రెండు వరసల అవతల మా నాన్న సమాధి దగ్గర ఉన్నాను. గాలికి కొవ్వొత్తి ఆరిపోతుంటే పక్క సమాధి మీది దాంతో అంటించుకుంటోంది.

“అమ్మమ్మా, తాత ఇక్కడున్నాడా?”

“లేడే. దాటుతున్నాడు.”

“అంటే?”

ఆవిడ నన్ను చూసింది, చూసి కూడా పిలవలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని సమాధి గట్టు మీద కూర్చుంది, పిల్లని పక్కన కూర్చోబెట్టుకుంది. “మా ఊళ్ళో కాలవ మీద ఒక బల్లకట్టు ఉండేది...” అని మొదలుపెట్టింది.