మా అన్న సదరం సర్టిఫికెట్: నా అనుభవం

మా అన్న సదరం సర్టిఫికెట్, అంటే వైకల్య ధ్రువపత్రం, నిన్న చేతికి వచ్చింది. కోపం చల్లారకముందే రాస్తున్నాను. మా కావలి వైపు ఎవరికైనా పనికొస్తుంది.

తాటిముంజల కోసం చెట్టెక్కి అన్న కింద పడ్డాడు. నడుములో మొదటి పూస, డాక్టర్లు ఎల్1 అనేది, నలిగిపోయింది. నెల్లూరులో ఆపరేషన్ చేసి రాడ్లు బిగించారు. సచివాలయంలో వైకల్య పరీక్ష శిబిరానికి స్లాటు తేలిగ్గానే దొరికింది.

శిబిరంలో బల్ల దగ్గరి మనిషి తలెత్తకుండానే "నడువు" అన్నాడు, ఇద్దరు పిల్లల తండ్రిని పట్టుకుని. అన్న చేతికర్ర ఊతంతో నాలుగు అడుగులు వేశాడు. "నడుస్తున్నాడు కదా, ఇంకేం వైకల్యం?" వదిన మెల్లగా మూత్రం సంగతి చెప్పింది. "దెబ్బ నడుముకైతే మూత్రానికేం సంబంధం? ఏదీ, లుంగీ ఎత్తు" అన్నాడు, వరుసలో అందరూ చూస్తుండగా. అన్న లుంగీ అంచు పైకి తీసి, తొడకు ప్లాస్టరుతో అంటించిన గొట్టం, పిక్కకు కట్టిన సంచి చూపించాడు. వదిన గోడవైపు తిరిగింది. ఆ మనిషిని నేను క్షమించను.

సంబంధం ఏమిటో గొంతు పెంచే చెప్పాను. వెన్నుపాము వెన్నెముక అంత పొడవుండదు. మగవాళ్లలో దాదాపు 45 సెంటీమీటర్లు. ఎల్1, ఎల్2 పూసల దగ్గరే ముగుస్తుంది. తల్లి కడుపులో మూడో నెల వరకు రెండూ సమానమే, తర్వాత ఎముక వేగంగా పెరుగుతుంది. అందుకే మూత్రాన్ని, మలాన్ని అదుపుచేసే వెన్నుపాము కింది భాగాలు, ఎస్2 నుంచి ఎస్4 అనేవి, పిరుదుల దగ్గర కాక ఎల్1 పూస ఎత్తులోనే ఉంటాయి. అక్కడ నలిగితే కాళ్లలో బలం కొంత మిగిలినా మూత్రం మీద పట్టు పోతుంది. ఇదంతా ఆపరేషన్ చేసిన డాక్టరును ఎమ్మారై ఫిల్ముతో వెంటబడి అడిగి నేర్చుకున్నాను. పదో తరగతి చదివిన నా మాటకు ఆ బల్ల దగ్గర జవాబు లేదు.

లోపలి నుంచి పెద్ద డాక్టరు వచ్చి తెర వేయించారు. దూదితో, గుండుసూదితో పిరుదుల చుట్టూ స్పర్శ చూశారు. అన్నకు ఏదీ తెలియలేదు. "మీరు కూర్చోండి" అని చెప్పి, ఆయనే కాగితం రాశారు.

డిశ్చార్జి కాగితంలో మూత్రం, మలం అదుపు లేదని స్పష్టంగా రాయించుకోండి. రాడ్లు వేశామని రాసి వదిలేస్తే శిబిరంలో కాళ్లు మాత్రమే చూస్తారు, వైకల్యం 40 శాతం రాకపోతే పింఛను లేదు. తెర లేకుండా బట్ట తీయమంటే తీయవద్దు, ఎంత గద్దించినా సరే. బయట తిరిగే మధ్యవర్తులకు మేము ఒక్క రూపాయి ఇవ్వలేదు, మీరూ ఇవ్వకండి. పింఛను దరఖాస్తు ఈ ఉదయమే సచివాలయంలో ఇచ్చి వచ్చాం.