సర్వరును వదలని బ్యాకప్

"రోజూ బ్యాకప్ తీస్తున్నామండీ" అంటూ అకౌంటెంట్ గారు సర్వరు వెనక వేలాడుతున్న హార్డ్ డిస్క్‌ను చూపించారు. కొన్న నాటి నుంచి దానిని ఆ యంత్రం నుంచి విడదీయలేదట.

ఈ రోజు మేము కంప్యూటర్ భద్రత తనిఖీకి వెళ్లిన మందుల హోల్‌సేల్ సంస్థలో యాంటీవైరస్ ఉంది, ఫైర్‌వాల్ కూడా ఉంది. అయితే ఆడిటర్ గారు ఇంటి నుంచే టాలీ చూసుకునేందుకు రౌటర్‌లో 3389 పోర్టును (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే రిమోట్ డెస్క్‌టాప్ దారిని) నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచారు. పైగా, లోపల నడుస్తున్నది విండోస్ సర్వర్ 2012, దానికి ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు 2023 అక్టోబరుతోనే ఆగిపోయాయి. ఆ దారిన రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ప్రవేశిస్తే అసలు ఫైళ్లతో పాటు, పక్కనే డ్రైవ్‌గా కనిపించే బ్యాకప్‌కు కూడా తాళం వేసేస్తుంది.

నా దృష్టిలో పోర్టు చిన్న విషయమే, వీపీఎన్ (అనుమతి ఉన్నవారికే తెరుచుకునే గుప్త దారి) పెడితే తీరిపోతుంది. ఆ బ్యాకప్ నుంచి ఒక్క ఫైలునైనా ఎప్పుడైనా తిరిగి తెరిచి చూశారా అన్న ప్రశ్నకు మాత్రం ఎవరి వద్దా సమాధానం లేదు.

ఇటువంటి దాడిని గమనించిన 6 గంటల్లోగా తెలియజేయాలని, లాగ్‌లను (యంత్రాల్లో ఎప్పుడు ఏం జరిగిందో నమోదయ్యే చిట్టాలను) 180 రోజులు భద్రపరచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల గురించి చెప్పినప్పుడు యజమాని ఆశ్చర్యపోయారు. (అక్కడి రౌటర్‌లో లాగింగ్ ఆన్ చేసి కూడా లేదు.)

నివేదికలో మొదటి సిఫారసుగా, రెండో డిస్క్ కొని, రెండింటిలో ఒకదానిని ఎప్పుడూ విడదీసి వేరే చోట ఉంచమని రాశాను. సర్వరు మార్పిడిని దాని తరువాత పెట్టడంపై మా బృందంలో ఇంకా వాదన సాగుతోంది.