తుఫాను భయం, దేవుని భయం

పర్లాకిమిడి అయినా గుణుపురం అయినా, మా ఒడిశా సరిహద్దు ఊళ్ల చర్చిల్లో దేవుని భయం మీద వాక్యం, అంటే ప్రసంగం, ఎక్కువగా బెదిరించడమే. ఆదివారం మానేసినవాడు బండి మీద నుంచి పడ్డాడు, దశమభాగం (దేవునికిచ్చే పదో వంతు) ఎగ్గొట్టినవాడికి ఆసుపత్రి ఖర్చయింది, ఇలాంటి సాక్ష్యాలు వింటూనే పెరిగాం. విన్నప్పుడు టెన్షన్ వస్తుంది, నిజమే, గేటు దాటేసరికి సగం పోతుంది.

బెదురు నిలవదని తెలియడానికి బైబిల్లో నిర్గమకాండం చాలు. సీనాయి కొండ దగ్గర ఉరుములు, మెరుపులు, బూర శబ్దం, పొగ. జనం వణికిపోయి దూరంగా నిలబడి, దేవుడు మాతో మాట్లాడితే చచ్చిపోతాం, నువ్వే మాట్లాడు అని మోషేను బతిమాలుకున్నారు. 20వ అధ్యాయం 20వ వచనంలో మోషే ఏమన్నాడో చూడండి: భయపడకండి అంటూనే, మీరు పాపం చేయకుండా ఆయన భయం మీకు కలగాలని దేవుడు వచ్చాడంటాడు. అంటే ఒక భయం వద్దు, ఒకటి కావాలి. తర్వాత మోషే కొండెక్కి నలభై రోజులు ఉండిపోయేసరికి అదే జనం పోత పోసిన దూడ ముందు నాట్యమాడారు. అంత ఉరుము విన్నవాళ్ల దగ్గరే ఆ బెదురు అన్నాళ్లు ఆగలేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను ఏం చేసిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. ఆ తర్వాతి ఆదివారాల్లో చర్చిలో కూర్చోడానికి చోటు లేదు, క్రిస్మస్ దాటాక మళ్లీ మామూలే. ఎవర్నీ తప్పుపట్టడం లేదు, ప్రాణభయం అలాంటిదే. (ఆ తుఫాను ఫలానావాళ్ల పాపానికి శిక్ష అని మైకులో చెప్పేవాళ్లుంటే మాత్రం యోబు స్నేహితుల కథ ఇంకోసారి చదువుకోవాలి, కష్టాల్లో ఉన్న యోబుతో నీ పాపమే కారణమన్నందుకు దేవుడు వాళ్లనే తప్పుపట్టాడు.)

ద్వితీయోపదేశకాండంలో భయం నేర్చుకునే సంగతి. రాజు ధర్మశాస్త్రాన్ని తనకోసం నకలు రాసుకుని బతికినన్నాళ్లూ చదవాలి, పంటలో పదో వంతు దేవుని సన్నిధికి పట్టుకెళ్లి అక్కడ తినాలి, ఏడేళ్లకోసారి పర్ణశాలల పండుగలో ఆడా మగా పిల్లా పరదేశీ అందరూ కూడి వినాలి. 17, 14, 31 అధ్యాయాలు తీసి చూడండి, మూడు చోట్లా చెప్పిన కారణం దేవునికి భయపడడం నేర్చుకోవాలనే. ఉరుముల్లేవు, చదవడం, తినడం, వినడం, మళ్లీ అదే. దశమభాగాన్ని విందుగా తినమన్నాడంటే మా వైపు చాలామంది నమ్మరు!

ఆ భయం ఉందో లేదో తేలేది సంతలో. నాదీ కొట్టే కాబట్టి చెబుతున్నాను. లేవీయకాండం 19లో చెవిటివాణ్ని తిట్టొద్దు, గుడ్డివాడి దారిలో అడ్డం వేయొద్దు, నీ దేవునికి భయపడు అని ఉంది. ఒకడికి వినబడదు, ఇంకొకడికి కనబడదు, నిన్ను పట్టుకునేవాడు లేడు, అందుకే అక్కడ దేవుణ్ని గుర్తుచేశాడు. అదే అధ్యాయం చివర్లో న్యాయమైన త్రాసు. కొండల మీంచి సవర గిరిజనులు చింతపండు, పసుపు, జీడిపిక్కలు, కొండచీపుర్లు మోసుకొచ్చే రోజున మన తెలుగు వ్యాపారులు, అందులో విశ్వాసులూ ఉన్నారు, కాటా ఎలా వేస్తున్నారు? లెక్క రాని ముసలమ్మ ముందు కాటా మీద వేలు నొక్కిన చెయ్యే ఆదివారం ఆరాధనలో పైకి లేస్తుంటే ఎన్ని ఉపవాస కూటాలు పెట్టి ఏం లాభం? చాలాసార్లు ఆ ముసలమ్మ కూడా క్రీస్తులో మన సహోదరే.

శిక్ష గుర్తుచేయకపోతే భయం ఎలా వస్తుందని మా సంఘ పెద్దలు అడుగుతారు. 130వ కీర్తన మరోలా చెబుతుంది: నీ దగ్గర క్షమాపణ ఉంది, అందుకే జనం నీకు భయపడతారు అని. కొట్టే తండ్రి దగ్గర పిల్లవాడు దొరక్కుండా చూసుకుంటాడు, క్షమించిన తండ్రి దగ్గర అసలు చేయకుండా చూసుకుంటాడు. అపొస్తలుల కార్యాలు 9లో సంఘం ప్రభువు భయంలోనూ పరిశుద్ధాత్మ ఆదరణలోనూ నడిచి విస్తరించిందని రాశారు, రెండూ కలిసే ఉన్నాయి.

మా ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థనలో ధర్మశాస్త్రం వరసగా చదువుతున్నాం, పిల్లలు ఆవులించినా సరే. కూలివాడి డబ్బు తెల్లారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దన్న వచనం వచ్చిన రోజు మా ఆవిడ పట్టుబట్టింది, అప్పట్నుంచి బస్తాలు దింపినవాళ్లకు ఆ సాయంత్రమే ఇచ్చేస్తున్నాం. నెలాఖరులో చేతిలో డబ్బాడక కాస్త ఇబ్బందే. వాళ్లు మాత్రం ఆదివారం పిలిచినా వస్తామంటున్నారు, అదొక్కటీ వద్దని చెప్పాం.