పెన్ను దగ్గర దొరికిపోయాను

థాయ్‌లాండ్ బళ్ళలో జూన్ నెలలో ఒక గురువారం 'వాయ్ ఖ్రూ' చేస్తారు. ఖ్రూ అంటే మన గురువే. పిల్లలు మోకాళ్ళ మీద వచ్చి పూలపళ్ళెం చేతికిస్తారు. అందులో గరిక, నూరు వరహాల పువ్వు, వంకాయ పువ్వు ఉంటాయి. వంకాయ పువ్వు తల వంచుకుని ఉంటుంది కాబట్టి అది వినయానికి గుర్తట. నేనిక్కడ ఇంగ్లీషు టీచరుగా చేరిన మొదటి ఏడాది ఆ గరిక చూడగానే వినాయక చవితి గుర్తొచ్చి, ఆ పూట ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

ఈ ఏడాది ఆ పూలు వాడకముందే, మర్నాడు పొద్దున నాలుగో తరగతిలో, ముందు బెంచీ పిల్ల చేతులు జోడించి అడిగింది: "టీచర్, మీరు 'పెన్' అంటారు. పక్క క్లాసు సారు 'ఫెన్' అంటారు. ఏది కరెక్ట్?" క్లాసంతా కిసుక్కుమంది. థాయ్‌లో 'పెన్' వేరే మాట, 'ఈయన ఫలానా' అని చెప్పే చోట వాడేది. పక్క క్లాసు సారుది ఇంగ్లండ్.

"రెండూ కరెక్టే" అనేశాను. గంట కొట్టేదాకా ఆ పిల్ల వైపు చూడలేదు.

ఇక్కడ తెల్లవాళ్ళని 'ఫరంగ్' అంటారు. జామపండునీ అదే మాటతో పిలుస్తారు. మా మదనపల్లె వైపు బొప్పాయి పరంగి పండు కదా, ఈ మాట విన్న రోజున భలే నవ్వుకున్నాను. మనల్ని మాత్రం 'ఖేక్' అంటారు, అంటే అతిథి. అతిథికి మర్యాద ఉంటుంది గానీ జీతం ఫరంగ్ జీతంలో సగం. స్పీకింగ్ క్లాసులు వాళ్ళకి, గ్రామర్ నాకు. ఎందుకని అడిగితే కోఆర్డినేటర్ నవ్వి, "పేరెంట్స్ ఫీజు కట్టేది దానికే కదా" అంది. తప్పు ఆవిడది కూడా కాదులెండి. 1961లో ఉగాండాలోని మకెరెరెలో ఇంగ్లీషు బోధన మీద ఒక సదస్సు జరిగింది. ఇంగ్లీషు చెప్పడానికి ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్ళే శ్రేష్ఠులన్న నమ్మకం అక్కడ గట్టిపడింది. అది భ్రమ అని 1992లో రాబర్ట్ ఫిలిప్సన్ అనే భాషా పండితుడు రాశాడు. ఉద్యోగ ప్రకటనలు రాసేవాళ్ళు మాత్రం ఆయన్ని చదివినట్టు లేదు. హైదరాబాదులో 1958లోనే ఇంగ్లీషు టీచర్ల శిక్షణకని ప్రత్యేకంగా సంస్థ పెట్టుకున్నాం. ఇప్పుడు ఇఫ్లూ అంటున్నది అదే. నేను దాని సర్టిఫికెట్ పట్టుకుని ఇక్కడికొచ్చాను. నాతో చేరిన ఫరంగ్ కుర్రాడి దగ్గరున్నది 120 గంటల ఆన్‌లైన్ కోర్సు.

ఆ కుర్రాడే ఒకసారి స్టాఫ్ రూములో దొరికిపోయాడు. ఇక్కడ 'ఎ' కాకుండా 'ది' ఎందుకు రావాలని థాయ్ టీచర్ అడిగితే, కాసేపు ఆలోచించి, "వినడానికి అలాగే బావుంటుంది" అన్నాడు. ఆవిడ నా వైపు తిరిగింది. థాయ్‌లో ఆ రెండు మాటలూ లేవు, తెలుగులోనూ లేవు. నాకు అవి ఎక్కించింది మా హైస్కూలు సారు. "అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు. ఒక రాజు దగ్గర 'ఎ', ఆ రాజు దగ్గర 'ది'. ఇంకేం అడగొద్దు, పొండి" అనేవారు. అన్నిచోట్లా పనిచేసే సూత్రం కాదు. అయినా బోర్డు మీద కిరీటం పెట్టిన రాజుని గీసి ఆవిడకి అదే చెప్పాను. నేను ఎక్కడ బోర్లా పడ్డానో అక్కడే పిల్లలూ పడుతుంటే ముందే చెయ్యి పట్టుకోగలను. ఇది ఆ కుర్రాడికి రాదు, పాపం వాడు ఎప్పుడూ పడలేదు.

ఇదంతా ఆ సాయంత్రం మనసులో వరసగా ఒప్పజెప్పుకున్నాను. కానీ పెన్ను సంగతి అలాగే ఉండిపోయింది.

ఎందుకంటే ఆ పిల్లే కరెక్టు. ఇంగ్లండ్ వాళ్ళు 'పెన్' అన్నప్పుడు మొదటి అక్షరంతో పాటు గాలి బయటికి తన్నుకొస్తుంది. నోటి ముందు కాగితం పెట్టుకుంటే అది కదులుతుంది. మనం అంటే కదలదు. థాయ్‌లో గాలి ఉన్న 'ప'కీ లేని 'ప'కీ వేరువేరు అక్షరాలు, అందుకే పసిపిల్లలకి కూడా తేడా వినిపిస్తుంది. నిజానికి మనకీ ప, ఫ రెండూ ఉన్నాయి. కాకపోతే ఫలాన్ని ఫ్యాను చేసి పలుకుతున్నాం. మా సారుకి ఈ తేడా వినపడలేదు, నాకు వినిపించేవాళ్ళు లేరు. ఈ పిల్లలు 'ఫుట్‌బాల్'ని 'ఫుట్‌బోన్' అన్నప్పుడల్లా ఆపి దిద్దుతాను కదా, నా పెన్నుని మూడేళ్ళుగా ఎవరూ దిద్దలేదు. ఎవరన్నా దిద్దబోయినా నేను ముందు జీతం సంగతి ఎత్తి ఉండేదాన్నేమో.

పక్క క్లాసు సారు గురించి కూడా చెప్పాలి. ఈయన స్టాఫ్ రూము కుర్రాడు కాదు, యాభై దాటినవాడు, పదేళ్ళుగా థాయ్ నేర్చుకుంటున్నాడు. ఐదు స్వరాల భాష అది, స్వరమంటే గొంతు ఎత్తి దించే తీరు. స్వరం మారితే అర్థం మారిపోతుంది. మధ్యాహ్నం అన్నం బెల్లులో నాలుగో తరగతి పిల్లలు ఆయన చుట్టూ చేరి 'కాదు, కాదు' అని పడీపడీ నవ్వుతుంటే, ఆయన ఒకే మాట పదిసార్లు అంటుంటాడు. పిల్లలు ఆయనంటే ప్రాణం పెడతారు. అది తెల్లతోలు మహిమేనని ఇన్నాళ్ళూ అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండేది.

సోమవారం ఆ పిల్లని బోర్డు దగ్గరికి పిలిచాను. నోట్సులోంచి సగం కాగితం చింపి, "నాకు సరిగ్గా రాలేదు, నువ్వు పట్టుకుని చూడు" అన్నాను. ఆ అమ్మాయి బొటనవేలితో, చూపుడువేలితో ఆ కాగితాన్ని నా పెదాల ముందు పట్టుకుంది. మొదటిసారి కదల్లేదు. రెండోసారీ కదల్లేదు. "మై చాయ్, టీచర్" అంది, అలా కాదని. ఐదోసారికి కాగితం ఎగిరి ఆ పిల్ల ముక్కుకి తగిలింది.

రాత్రి అమ్మ ఫోన్ చేసి గ్యాసు నంబరు రాసుకో అంటే, "ఆగు, ఫెన్ను తెస్తా" అన్నాను. "ఏంటే, జలుబు చేసిందా?" అంది.