శుక్లం మళ్లీ వచ్చిందనుకున్నాను

కుడికంటికి శుక్లం ఆపరేషన్ జరిగి మూడేళ్లు దాటింది. ఆ తర్వాత ఏడాదికి ఎడమకంటికీ చేయించుకున్నాను. చూపు బాగుందని నిశ్చింతగా ఉన్న సమయంలో, బెంగళూరు మారతహళ్లి బస్టాపులో 335ఇ బస్సు దగ్గరికొచ్చేదాకా నంబరు అలుక్కుపోయినట్టు కనిపించడం మొదలైంది. రాత్రిళ్లు ఎదురొచ్చే బండ్ల లైట్లు చెదిరిపోయి కళ్లల్లో పడేవి. నొప్పి లేదు, ఎర్రదనం లేదు. వయసు వల్లేమో అనుకున్నాను. కళ్లజోళ్ల షాపులో పవర్ మార్పించుకున్నా మసక తగ్గలేదు. అలా ఆరు నెలలు ఊరికే పోగొట్టుకున్నాను. ఇప్పటికీ నాకు బాధ కలిగించేది ఆ ఆరు నెలలే.

ఒకరోజు ఏకాదశి ఎప్పుడో చూద్దామని గోడ క్యాలెండర్ దగ్గర ఎడమకన్ను మూసుకుంటే, తిథి అక్షరాలు ఒక్కటీ తెలియలేదు. షుగర్ ఉన్నదాన్ని, రెటీనా దెబ్బతిందేమోనని గుండె ఝల్లుమంది. మా అబ్బాయి మర్నాడే కంటాసుపత్రికి తీసుకెళ్లాడు.

చుక్కల మందు వేసి, కంటిపాప పెద్దదయ్యాక లోపలంతా చూశారు. డాక్టరమ్మ కన్నడంలో మొదలుపెట్టి, మా మాట విని తెలుగులోకి వచ్చేశారు. "శుక్లం మళ్లీ రాదమ్మా. ఆపరేషన్‌లో శుక్లం పట్టిన పాత లెన్స్ తీసేసి, దాని చుట్టూ ఉండే సన్నని సంచిని ఉంచేసి, అందులోనే కొత్త లెన్స్ పెడతాం. ఆ సంచిలో మిగిలిన కణాలు పెరిగి, వెనక పొర మసకబారింది. చాలామందికి వస్తుంది" అన్నారు. రెటీనా బాగుందనేసరికి ప్రాణం లేచొచ్చింది.

యాగ్ లేజర్ చేశారు. కోత లేదు, సూది లేదు. కన్ను మొద్దుబారడానికి చుక్క వేసి, మిషన్‌కు గడ్డం, నుదురు ఆనించి కదలొద్దన్నారు. టిక్ టిక్‌మని చిన్న చప్పుళ్లు, మెరుపులు. కొద్ది నిమిషాల్లో పొర మధ్యలో వెలుతురుకు దారి చేసేశారు. కాసేపు కూర్చోబెట్టి, కంటి ప్రెషర్ చూసి పంపించారు.

మర్నాడు బియ్యం చెరుగుతుంటే వడ్లగింజలు విడివిడిగా కనిపించాయి. కొన్నాళ్లు కళ్ల ముందు నల్ల నలుసులు తేలాయి. అవి ఉంటాయని ముందే చెప్పారు. కానీ మెరుపులు వచ్చినా, నలుసులు ఒక్కసారిగా ఎక్కువైనా, చూపుకు తెర అడ్డం పడినట్టున్నా అదే రోజు రమ్మని రెండుసార్లు చెప్పారు. రెటీనా ఊడే ప్రమాదం ఉంటుందట. ఆ మాటలు ఫైలు మీద తెలుగులో రాసుకున్నాను.

ఎడమకంట్లోనూ పొర కొద్దిగా మొదలైందట. చూపుకు అడ్డం కానంతవరకు లేజర్ అక్కర్లేదన్నారు. రోజూ పొద్దున్నే ఒక్కో కన్ను మూసుకుని, అదే క్యాలెండర్‌లో తిథి చదువుతున్నాను.