76 ఏళ్ళ మనిషికి ఐసీయూ ఎందుకు?

ఇప్పుడు మళ్ళీ నా గిన్నెలు నేనే తోముకుంటున్నాను కాబట్టి ఇది రాసే ఓపిక వచ్చింది. దాంతోపాటు కోపం కూడా వచ్చింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ కోపానికి కూడా ఓపిక లేకపోయింది.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బజార్లో రెండూ. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేరి అక్కడే రిటైరయ్యాను. కోడలు నాతోనే ఉంటుంది. కొడుకు ఉద్యోగం విశాఖలో, వచ్చి పోతుంటాడు.

వానాకాలం చివర్లో వచ్చింది ఈ జబ్బు. జ్వరం లేదు, దగ్గు కూడా పెద్దగా లేదు. అన్నం సహించడం మానేసింది. ఒక పొద్దున బాత్‌రూంలో కూలబడి మరి లేవలేకపోయాను. ఊళ్ళో డాక్టరు గ్యాస్, నీరసం అని సెలైన్ ఎక్కించి పంపేశాడు. ముసలివాళ్ళకి ఫ్లూ వచ్చినా, నిమ్ము చేసినా ఒళ్ళు కాలకపోవచ్చట. పడిపోవడం, తిండి మానేయడం, మాట తడబడడం, ఇవే మొదటి గుర్తులు కావచ్చట. నాకు తర్వాత తెలిసింది, ఆయనకి ముందే తెలిసుండాలి. కోవిడ్ రోజుల్లో కొన్న క్లిప్పు కోడలు నా వేలికి పెట్టి చూస్తే ఆక్సిజన్ 86. ఎవరినీ అడక్కుండా కారు మాట్లాడేసింది. ఆ పిల్ల మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి గానీ ఆ పూట తను లేకపోతే నేను లేను.

బరంపురంలో ఒక ఆసుపత్రి. ముక్కులో పుల్ల పెట్టి చూసి ఇన్‌ఫ్లుయెంజా ఎ, అంటే ఫ్లూ అన్నారు, ఊపిరితిత్తుల్లో నిమ్ము కూడా ఉందన్నారు. టామీఫ్లూ అనే ఫ్లూ మందు, యాంటీబయాటిక్, ఆక్సిజన్. అవన్నీ అందరికీ జరిగేవే.

క్యాజువాల్టీలో పెద్ద డాక్టరు నా మొహం చూడలేదు. కేస్‌షీటు మీద వయసు చూసి మా అబ్బాయితో ఇంగ్లీషులో అన్నాడు: "76 ఏళ్ళ మనిషికి ఐసీయూ ఎందుకండీ? ఈ వయసులో ఏదైనా జరగొచ్చు. వార్డులోనే ఉంచుదాం." మా అబ్బాయి తలూపాడు. ట్రంకు కాల్స్ రోజుల నుంచీ నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు, ఆ సంగతి కొడుక్కి గుర్తుండొద్దా? తర్వాత అడిగితే "నేనేమీ అనలేదమ్మా" అంటాడు. అనలేదు, నిజమే. తలూపాడు.

ఐసీయూలో వేసుంటే త్వరగా బాగయ్యేదాన్నని నేననను. అడగాల్సిన ప్రశ్న ఒక్కటీ అడక్కుండా తేల్చేశాడే, అదే నా బాధ.

వార్డులోకి మార్చగానే నా కళ్ళజోడు, చెవి మిషను, పళ్ళ సెట్టు పోతాయేమోనని ఒక కవర్లో చుట్టి సొరుగులో పెట్టేశారు. ఉచ్చకి గొట్టం వేశారు. మంచానికి రెండు పక్కలా కమ్మీలు ఎత్తి "లేవొద్దు మావుసీ, పడిపోతావు" అన్నారు. నిద్ర పట్టడం లేదంటే ఓ మాత్ర ఇచ్చారు. రాత్రికి తోడు ఉండకూడదని కోడల్ని బయటికి పంపేశారు.

ఆ రాత్రి నేను వార్డులో లేను. ఎక్స్ఛేంజీలో నైట్ డ్యూటీలో ఉన్నాను. ఎదురుగా బోర్డు మీద దీపాలు వెలుగుతున్నాయి, ఒకటి ఆరేలోగా ఇంకోటి. ఎవరో అర్జంట్ కాల్ బుక్ చేశారు, ఎవరిదో లైట్నింగ్ కాల్, అంటే అర్జంటుకన్నా అర్జంటు. చావు కబురేదో ఉంది, అది అందాలి. నా పక్క సీట్లన్నీ ఖాళీ. త్రాళ్ళు చేతికి తగులుతున్నాయి గానీ ఏ రంధ్రంలో గుచ్చాలో కనిపించదు. కనిపించక ఒక్కొక్క త్రాడూ లాగుతున్నాను. అవి నా చేతికున్న సూదీ, నా ముక్కు దగ్గరి గొట్టమూ అని నాకేం తెలుసు? "నెంబరు చెప్పండి, లైన్లో ఉండండి" అని అరుస్తున్నానట. అంతా తెలుగే. ముప్పై ఏళ్ళు పైగా ఒడియాలో ఉద్యోగం చేసినదాన్ని, ఆ రాత్రి ఒక్క ఒడియా ముక్క నోటికి రాలేదు. సిస్టర్లు "బుఢీ కొణొ కొహుచి?", అంటే ముసల్ది ఏమంటోంది అని ఒకరినొకరు అడుక్కున్నారట. ఎవరికీ అర్థం కాలేదు. గాజుగుడ్డతో నా రెండు చేతులూ కమ్మీలకి కట్టేశారు. ఒక ఇంజక్షన్ కూడా ఇచ్చారు.

చేతులు కట్టేశాక భయం మొదలైంది. అంతవరకూ పని ఒత్తిడే, భయం కాదు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, అవతల ఎవరో చచ్చిపోతున్నారు, నేను కలపలేను. కట్లు తెంచుకోబోతే మణికట్టు దగ్గర చర్మం లేచిపోయింది. ఆ మచ్చ ఇంకా ఉంది.

తెల్లవారుజామున గది ఊడ్చే ఆయా వచ్చింది. పాతపట్నం అవతల ఏదో పల్లెట. పేరు రాయను, ఆవిడ ఉద్యోగానికి ఇబ్బంది. "ఏటమ్మా, ఏటి కావాల నీకు?" అంది. కాల్స్ ఆగిపోయాయని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. సొరుగు లాగి, కవరు విప్పి, కళ్ళజోడు పెట్టింది, చెవి మిషను నా చెవిలో దూర్చింది. "ఫోన్లన్నీ కలిపేసినాంలేమ్మా, ఇంక తొంగో" అంది. కళ్ళజోడు పెట్టాక బోర్డు పోయి సెలైను పంపు కనిపించింది, దాని మీద మెరుస్తున్న ఎర్ర దీపం కనిపించింది. సిస్టరుతో మాట్లాడి కట్లు కూడా ఆవిడే విప్పించింది. అంత చదువుకున్న ఆసుపత్రిలో నాతో నా భాషలో మాట్లాడాలని తోచింది ఆవిడొక్కదానికే.

తెల్లారేసరికి చుట్టాల్లో కబురు పాకింది, అమ్మకి మతి పోయిందని. డిశ్చార్జి కాగితాల్లో కూడా "పొంతన లేని మాటలు" అని రాసి ఉంది. పొంతన లేకేం, వాటిలో ప్రతి ముక్కకీ పొంతన ఉంది. దీన్ని డెలీరియం అంటారు. ఇన్‌ఫెక్షను, ఆక్సిజన్ తగ్గడం, మలబద్ధకం, నిద్రమాత్ర, కొత్త చోటు, కళ్ళజోడు లేకపోవడం, అన్నీ కలిసి తెస్తాయి. వస్తూ పోతూ ఉంటుంది, రాత్రిళ్ళు ముదురుతుంది. చేతులు కడితే ఇంకా ఎక్కువవుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి వస్తే పిచ్చి అనకండి, పక్కన కూర్చుని మాట్లాడండి. గొడవేమీ చెయ్యకుండా మగతగా పడుంటే "హాయిగా నిద్రపోతున్నారు" అని మురిసిపోకండి, అది కూడా ఇదే కావచ్చు.

ప్రశ్న అడిగిన మనిషి చివరికి వచ్చాడు. ఫిజియోథెరపీ కుర్రాడు, మీసాలు కూడా సరిగ్గా రాలేదు. "మావుసీ, ఈ జబ్బుకి రెండు వారాల ముందు నువ్వు ఏమేం పనులు చేసుకునేదానివి?" అన్నాడు. చెప్పాను. వంట, బట్టలు, బజారు, పింఛను లెక్కలు, మునగాకు కోయడానికి మేడమెట్లు. "అయితే నువ్వు 3" అన్నాడు. కెనడాలో రాక్‌వుడ్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు కలిసి 2005లో తయారుచేసిన ఫ్రెయిల్టీ స్కేలట అది, మనిషి ఎంత బలహీనపడిందో కొలిచేది. మొదట 7 మెట్లు, తర్వాత 9 చేశారు. 1 అంటే గట్టి మనిషి, 9 అంటే చివరి దశ. 65 దాటినవాళ్ళకే వాడాలి. మంచం మీద పడున్న మనిషిని చూసి లెక్క వెయ్యకూడదు, జబ్బుకి ముందు ఎలా ఉండేదో అడిగి వెయ్యాలి. 2020లో కోవిడ్‌తో ఆసుపత్రుల్లో చేరిన 1,500 పైచిలుకు మందిని బ్రిటన్, ఇటలీల్లో గమనిస్తే ఎవరు బతుకుతారన్నది వయసుకన్నా, ఉన్న జబ్బులకన్నా ఈ మెట్టే బాగా చెప్పిందట. అంటే ఆ పెద్ద డాక్టరు చూడాల్సిన కాగితం వేరే ఉంది!

ఫ్లూ వారంలో తగ్గిపోయింది. కాళ్ళు మాత్రం పోయాయి. కుర్రాడు లేపి నిలబెడితే తొడలు గడగడ వణికాయి. ఆరోగ్యంగా ఉన్న ముసలివాళ్ళనే 10 రోజులు మంచం మీద ఉంచి చూస్తే ఒక్క కాళ్ళ నుంచే కిలో దాకా కండ పోయిందని అమెరికాలో 2007లో తేలింది. మరి జబ్బుతో ఉన్నదాన్ని కమ్మీలు ఎత్తి, గొట్టం వేసి, డైపరు కట్టి పడుకోబెడితే ఏమవుతుంది? 3గా వెళ్ళినదాన్ని 6గా ఇంటికి పంపారు, స్నానం కూడా ఇంకొకరు చేయించాలి. బిల్లులో ఆ డైపర్లకి కూడా డబ్బులు వేశారు.

ఇంటికొచ్చాక ఇంకో యుద్ధం, పత్యం. మా ఆడపడుచు వచ్చి చారన్నం తప్ప ఏదీ పెట్టొద్దంది, గుడ్డు వేడి అంది. నీరసించిన ముసలి ఒంటికి మాంసకృత్తులు మామూలుకన్నా ఎక్కువ కావాలి, కిలో బరువుకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాములు. చారులో ఎక్కడున్నాయవి? కోడలు ఆవిడ ముందు తలూపి, ఆవిడ వెళ్ళగానే రెండు గుడ్లు, చోడంబలి, సాయంత్రం చేపల పులుసు పెట్టేది. ఈ ఇంట్లో తలూపడం అందరికీ వచ్చు, కోడలికి మాత్రం దాన్ని వాడుకోవడం తెలుసు. ప్లాస్టిక్ కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం రోజూ చేశాను. ముందు ఒక్కసారి కూడా లేవలేకపోయి ఏడ్చాను.

నీలమణి దుర్గమ్మకి చీర పెడతానని కోడలు మొక్కిందట. పాతపట్నం వెళ్ళి పెట్టి వచ్చాం. గుడి మెట్లు నేనే ఎక్కాను, ఆగి ఆగి. అమ్మవారు లేపిందా, గుడ్లు లేపాయా అని మా అబ్బాయి వేళాకోళం చేశాడు. రెంటినీ తెచ్చింది నీ పెళ్ళామేరా అన్నాను.

ఇప్పుడు 4లో ఉన్నాను అనుకుంటున్నాను. ఫ్లూ టీకా వేయించుకున్నాను, ఏటా వేయించుకోవాలి. నా ఫైలు పైన ఒక కాగితం పిన్ను చేసి పెట్టాను, తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో: ఈవిడ తన పనులన్నీ తనే చేసుకుంటుంది. కళ్ళజోడు, చెవి మిషను, పళ్ళు తియ్యొద్దు. కలవరిస్తే తెలుగులో మాట్లాడండి. నిద్రమాత్ర ఇచ్చేముందు ఆలోచించండి. రోజూ లేపి కూర్చోబెట్టండి. చేతులు కట్టొద్దు. పక్కింటి పెద్దాయనకి కూడా అలాంటిదే ఒకటి రాసిచ్చాను. వాళ్ళావిడ అపశకునం అని నన్ను తిట్టింది, కాగితం మాత్రం తీసుకుంది.