ఇంట్లో పురుగుల పని రోహిణి కార్తెలోనే పట్టాలి

వానలు పడి, బొద్దింకలు, చీమలు కంటపడ్డాక మందు కొట్టించేవాళ్లే ఎక్కువ. అప్పటికే ఆలస్యం అయిపోయినట్టు. జూన్ 8 అటూఇటూ మృగశిర వస్తుంది. దానికి ముందున్న రోహిణి కార్తె రెండు వారాలూ రోళ్లు పగిలే ఎండ. గోడలు, గచ్చు, చెక్క అన్నీ బాగా ఎండి ఉండే రోజులవి. సందులు పూడ్చడానికి అంతకంటే మంచి అదను దొరకదు. సిలికాన్ సీలెంట్ తడి గోడకు అంటుకోదు, ఆగస్టులో పూస్తే నెల తిరక్కుండానే ఊడొస్తుంది.

ముందుగా సింకు కింద చూడండి. పైపు గోడలోకి వెళ్లే చోట దాని చుట్టూ ఖాళీ లేని ఇల్లు అరుదు. పెన్సిలు దూరేంత సందున్నా, అంటే 6 మిల్లీమీటర్లున్నా, చిట్టెలుక లోపలికి వచ్చేస్తుంది. ఒట్టి ఫోమ్ కొడితే కొరికేస్తుంది. గిన్నెలు తోమే స్టీలు పీచు గట్టిగా కుక్కి పైన సిమెంటు పెట్టాలి. వీధి తలుపు అడుగున రబ్బరు పట్టీ బిగిస్తే వానాకాలం రోకలిబండలు కూడా ఆగిపోతాయి. వాటికి మందక్కర్లేదు, చీపురు చాలు.

ఎండాకాలంలో ఎక్కువ మంది పట్టించుకోనిది బాత్రూమ్ జాలీ. దాని అడుగున ఉండే వంపులో (ట్రాప్) నీళ్లు నిలిచి, డ్రైనేజీలోని పెద్ద బొద్దింకలను పైకి రానివ్వవు. వాడని బాత్రూమ్‌లో ఎండకు ఆ నీళ్లు ఆవిరైపోతాయి, ఇక దారి తెరిచినట్టే. వారానికోసారి చెంబెడు నీళ్లు పోయండి. సెలవులకు ఊరెళ్తుంటే నీళ్లు పోశాక ఒక చెంచా వంటనూనె కూడా వేస్తే ఆవిరి కావడం తగ్గుతుంది. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం మూతికి సన్నటి దోమ జాలీ కట్టడం కూడా అప్పుడే చేసేయాలి.

వంటింట్లో తిరిగే చిన్న బొద్దింక సంగతి వేరు. సెంటీమీటరుంపావు పొడవు, తల వెనక రెండు నల్ల గీతలు ఉంటే అది జర్మన్ బొద్దింక. అది కాలంతో పనిలేకుండా పెరుగుతుంది. ఆడది ముప్ఫై, నలభై గుడ్లున్న సంచిని వెంట మోసుకు తిరుగుతుంది. స్ప్రే ఆ సంచిలోకి దిగదు. అందుకే కొట్టించిన నెలకు మళ్లీ పిల్లలు కనబడతాయి. దీనికి ఎరలా తినే జెల్ మందే సరైనది. కందిగింజలో సగమంత చుక్కలు కబ్బోర్డు బందుల దగ్గర, ఫ్రిజ్ మోటారు పక్కన, గ్యాసు బల్ల అంచు కింద పెట్టాలి. నెలకు మరోసారి పెట్టాలి. జెల్ పెట్టిన చోట స్ప్రే కొడితే ఆ వాసనకు బొద్దింక ఎర ముట్టదు, డబ్బు దండగ.

చీమలకూ ఇదే సూత్రం. చాక్ గీత దారి మళ్లిస్తుందే తప్ప పుట్టను ఏమీ చేయదు. అరలీటరు గోరువెచ్చని నీళ్లలో పది చెంచాల పంచదార, ఒక చెంచా బోరిక్ పొడి కరిగించి, దూదిని తడిపి చీమల బారు పక్కన పెట్టండి. మందు ఎక్కువైతే చీమ దారిలోనే చస్తుంది. తక్కువగా ఉంటేనే పుట్ట దాకా మోసుకెళ్లి మిగతావాటికి పెడుతుంది. మొదటి రెండు రోజులు చీమలు ఎగబడతాయి, కంగారుపడి తుడిచేయకండి. తీపికి రాని రకమైతే పల్లీల ముద్దలో కలపాలి. పిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోట పెట్టండి. అదే బోరిక్ పొడిని పురుగు పట్టకుండా బియ్యంలో కలిపే అలవాటు మాత్రం మానుకోవాల్సిందే.

పప్పులు రోహిణిలోపే ఎండలో పోయాలి. బియ్యం నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో పోస్తే పగిలి నూకలవుతాయి. ముక్కపురుగు గింజ లోపల గుడ్డు పెట్టి పైన మూసేస్తుంది కాబట్టి జల్లెడ పట్టినంత మాత్రాన పోదు. డబ్బా మూలలో మిగిలిన పాత గింజలే కొత్త బియ్యానికి పురుగు అంటిస్తాయి. ఖాళీ చేసి, కడిగి, ఆరాకే పోయండి. వేపాకు వేస్తే గలగలలాడేలా ఎండాలి. పచ్చిది వేస్తే తేమ చేరి బూజు పడుతుంది. ముడి కందులు, పెసలు నిల్వ చేస్తే కిలోకు చెంచాడు ఆముదం పట్టించడం పెద్దవాళ్ల పద్ధతి, అది పనిచేస్తుంది కూడా.

తొలకరి పడిన సాయంత్రం ఉసిళ్లు, అంటే రెక్కలొచ్చిన చెదలు, వస్తాయి. బయటినుంచి దీపానికి వస్తే లైటు ఆర్పేస్తే సరి. మూసిన గదిలో, గుమ్మం మూలనుంచి బయటికి వస్తున్నా, కిటికీ గట్టు మీద రెక్కలు కుప్పగా రాలినా చెదలు ఇంట్లోనే ఉన్నట్టు. రెక్కల చీమలతో పొరపడకండి. ఉసిళ్లకు నాలుగు రెక్కలూ ఒకే పొడవు, నడుము సన్నబడదు. ద్వారబంధం మీద మట్టి గీత కనబడితే మొత్తం గీకేయకుండా అంగుళం మేర విరిచి చూడండి. రెండు మూడు రోజుల్లో మళ్లీ కట్టాయంటే లోపల తిరుగుతున్నాయి. కిరోసిన్ పోస్తే పైనున్నవే చస్తాయి. పనివాళ్లను పిలిస్తే గోడా గచ్చూ కలిసే చోట అడుగుకో రంధ్రం, 12 మిల్లీమీటర్ల బిట్‌తో వేస్తున్నారో లేదో చూడండి. రంధ్రం పీల్చుకున్నంత, గరిష్ఠంగా లీటరు మందు పట్టించాలి. పైపైన పిచికారీ చేసి వెళ్తే ఒప్పుకోకండి. బావి, సంపు పక్కన మాత్రం ఈ మందు వద్దు. గోడలో నీటి లీకు ఉంటే ముందు అది ఆపాలి, తడి దొరికినంత కాలం చెదలు వస్తూనే ఉంటాయి.

వానాకాలంలో ఇక ముఖ్యమైనది దోమే. పగలు కుట్టే ఏడిస్ దోమ గుడ్డు నుంచి ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లన్నీ ఖాళీ చేసే రోజు, అని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఈ లెక్క మీదే. నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు తొట్టి గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతుకుతాయి. పీచుతో రుద్ది కడగాలి. కూలరు, పూలకుండీ కింది పళ్లెం, ఫ్రిజ్ వెనక ట్రే, మూడూ మరిచిపోకండి.

చలికాలం ఎలుకలది. వరికోతలయ్యాక పొలాల ఎలుకలు పక్కనున్న ఇళ్ల దారి పడతాయి. ఇంట్లో విషం పెడితే అటక మీద చచ్చి వారం రోజులు కంపు కొడుతుంది, బోనే మేలు. ఎలుక గోడ వారనే నడుస్తుంది కాబట్టి బోనును గోడ వారగా, మూతి ఎలుక నడిచే దారికి ఎదురుగా ఉండేలా పెట్టాలి. కొత్త వస్తువంటే దానికి అనుమానం, అందుకే మొదటి మూడు రాత్రులు బోను బిగించకుండా కొబ్బరి ముక్క పెట్టి ఊరికే తిననివ్వండి. నాలుగో రాత్రి బిగించండి.